టికింటర్‌తో కదిలే కౌంట్‌డౌన్ టైమర్: ఏళ్లు వాడాక

మా కోచింగ్ సెంటర్‌లో ఈఏపీసెట్ మాక్ టెస్ట్ జరిగినప్పుడల్లా ప్రొజెక్టర్ మీద ఒక టైమర్ నడుస్తుంది. తరుగుతూ పోయే పెద్ద వలయం, మధ్యలో అంకెలు. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. పైథాన్‌లో విండోలు, బొమ్మలు చూపించే టికింటర్ లైబ్రరీతో నేను రాసుకున్నదే. ఇన్నేళ్లు వాడాక నా మాట ఇది: ఈ పనికి టికింటర్ చాలు, కానీ టైమ్ లెక్క దాని చేతిలో పెట్టకండి. బొమ్మ గీయించుకోండి, అంతవరకే.

నెట్‌లో దొరికే నమూనాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ‘ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత ఈ ఫంక్షన్‌ని పిలువు’ అని చెప్పే ఆఫ్టర్‌కి 1000 ఇచ్చి, సెకనుకోసారి ఒకటి తీసేయడం. ఆ వెయ్యి మిల్లీసెకన్లు ‘కనీసం’ అన్న లెక్కే. గడువు దాటాక, విండో పనులన్నీ వరసగా చూసే మెయిన్‌లూప్‌కి తీరిక దొరికినప్పుడే మన ఫంక్షన్‌కి పిలుపు వస్తుంది. ఒక్కో పిలుపు పది మిల్లీసెకన్లు ఆలస్యమైందనుకోండి. ఐదు నిమిషాల టైమర్‌లో అది మూడు సెకన్లు, ఎవరూ పట్టించుకోరు. మూడు గంటలంటే 10,800 సెకన్లు, అంటే 108 సెకన్ల తేడా. పిల్లలకి దాదాపు రెండు నిమిషాలు ఉత్తపుణ్యానికి దొరికినట్టే. వాళ్లకేం, సంతోషమే!

అందుకే స్టార్ట్ నొక్కగానే ఎప్పుడూ వెనక్కి వెళ్లని గడియారం టైమ్.మోనోటానిక్ ఇచ్చే విలువకి 10,800 కలిపి, ముగింపు క్షణాన్ని దాచిపెడతాను. ఆ తర్వాత 33 మిల్లీసెకన్లకోసారి నడిచే ఫంక్షన్, ఇంకెంత మిగిలిందో ప్రతిసారీ గడియారాన్నే అడుగుతుంది. ఒక ఫ్రేమ్ ఆలస్యమైనా తర్వాతిది సరైన చోటే పడుతుంది. మామూలు టైమ్.టైమ్ ఎందుకు కాదంటే, సిస్టమ్ గడియారాన్ని ఎవరైనా మధ్యలో సరిదిద్దితే అది దూకుతుంది, మోనోటానిక్ దూకదు. లినక్స్‌లో మాత్రం ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి జారుకుంటే ఆ సమయాన్ని మోనోటానిక్ లెక్కపెట్టదు. పరీక్ష రోజు స్లీప్ సెట్టింగ్ ఆపేసే కూర్చుంటాను. ఇక ప్రోగ్రామ్‌నే కాసేపు ఆపేసే టైమ్.స్లీప్ పెట్టి లూప్ తిప్పే పద్ధతి గురించి చెప్పడానికేం లేదు, విండో ‘నాట్ రెస్పాండింగ్’ అని బిగుసుకుపోతుంది.

అంకెల్లో ఒక చిన్న మెలిక ఉంది. మిగిలిన సెకన్లలో దశాంశ భాగాన్ని ఇంట్‌తో కత్తిరిస్తే, నొక్కీ నొక్కగానే 2:59:59 కనిపిస్తుంది. చివర్లో సున్నా వచ్చాక కూడా ఇంకో సెకను మిగిలే ఉంటుంది. పై పూర్ణాంకానికి పెంచే మ్యాథ్.సీల్ వాడితే రెండూ సరిపోతాయి. ఫాంట్ కూడా అన్ని అంకెలకీ ఒకే వెడల్పు ఉన్నదే తీసుకోండి, లేకపోతే 1 వచ్చినప్పుడల్లా వరస మొత్తం అటూ ఇటూ కదులుతుంది.

వలయానికి, టికింటర్‌లో బొమ్మలు గీసే చోటైన కాన్వాస్‌లో చాపం గీసే క్రియేట్_ఆర్క్ ఉంది. కోణాల లెక్క గడియారంలో మూడు ఉండే చోట మొదలై, ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా పోతుంది. మొదలయ్యే కోణం స్టార్ట్‌కి 90 పెట్టి, చాపం ఎన్ని డిగ్రీలు సాగాలో చెప్పే ఎక్స్‌టెంట్‌ని కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే పన్నెండు దగ్గర్నుంచి ముల్లు తిరిగే వైపుకే వలయం ఖాళీ అవుతుంది. చూడ్డానికి బాగుంటుంది. పూర్తి వలయం కావాలని ఎక్స్‌టెంట్ 360 ఇచ్చారా, అసలేమీ కనిపించదు! 359.999 ఇవ్వాలి. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ అంతా చెరిపి కొత్తగా గీయకుండా, ఒక్కసారి గీసి ఐటమ్‌కన్ఫిగర్‌తో మార్చుకుంటూ పోతే పాత డెస్క్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

అసలు లోటు అంచుల దగ్గర. మ్యాక్‌లో వలయం నున్నగా వస్తుంది. విండోస్, లినక్స్‌లలో అంచుల్ని నునుపు చేసే యాంటీ అలియాసింగ్ లేక అంచులు మెట్లు మెట్లుగా ఉంటాయి. మానిటర్ మీద సర్దుకోవచ్చు కానీ, గోడ మీద ఆరడుగుల వలయం వేస్తే వెనక బెంచీవాడికీ కనిపిస్తుంది. బొమ్మల లైబ్రరీ పిల్లోతో నాలుగింతలు పెద్దగా గీసి కుదించి చూపిస్తే నునుపు వస్తుంది, కానీ సెకనుకి ముప్ఫైసార్లు ఆ పని మా పాత మెషీన్ వల్ల కాదు. మూడు గంటల్లో వలయం కదిలేది నిమిషానికి రెండు డిగ్రీలే కదా, సెకనుకి ఒక్క బొమ్మ చాలు. చివరి పది సెకన్లలో రంగు మారే హడావుడి అంకెలకే వదిలేశాను.

విండోలు చేసే మరో లైబ్రరీ పైసైడ్6లో ఈ గొడవ లేదు, దాని బొమ్మలు గీసే క్యూపెయింటర్‌లో యాంటీ అలియాసింగ్ ఆన్ చేస్తే సరి. కానీ మొత్తం ప్యాకేజీ వేస్తే వందల ఎంబీ. ఒక్క టైమర్ కోసం అదంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. టికింటర్ విండోస్‌లో పైథాన్‌తో పాటే వస్తుంది, ఉబుంటులో పైథాన్3-టీకే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

తెలుగు సంగతి వేరే చెప్పాలి. టైమ్ అయిపోగానే ‘పరీక్ష ముగిసింది’ అని పడాలని నా పట్టుదల. విండోస్‌లో చక్కగానే వస్తుంది. ఉబుంటులో మాత్రం అక్షరాలు కూర్చే పని టికింటర్ వెనకున్న టీకే చేయదు, ‘క్ష’ విడిపోయి క, పొల్లు, ష వేర్వేరుగా నిలబడతాయి. ఆ ఒక్క వాక్యాన్ని ముందే పీఎన్‌జీ బొమ్మగా చేసిపెట్టి, టికింటర్‌లో బొమ్మలు చూపే ఫోటోఇమేజ్‌తో చూపిస్తున్నాను. ఆ బొమ్మని సెల్ఫ్‌లో (మన టైమర్ ఆబ్జెక్ట్‌లో) ఒక పేరుతో పట్టి ఉంచాలి, లేకపోతే పైథాన్ దాన్ని చెత్త కింద ఊడ్చేస్తుంది, తెర మీద ఖాళీ చోటే మిగులుతుంది.