స్పాన్సర్ల కోసం బ్రోచర్ వేయించిన ప్రింటింగ్ షాపు: మూడున్నర స్టార్లు

షాపు పేరు రాయడం లేదు. తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి. పైగా ఫ్లెక్సు తాలూకు పన్నెండు వందలు ఇంకా నేనే వాళ్లకు బాకీ. తిరుపతిలో గాంధీరోడ్డు చుట్టుపక్కల సందుల్లో పెళ్లిపత్రికలు, బిల్లుబుక్కులు, ఫ్లెక్సులు వేసే షాపులు ఎన్ని ఉన్నాయో తిరిగినవాళ్లకు తెలుసు. వాటిలో ఒకటి అనుకోండి. మేడమీద రెండు గదులు, మెట్ల మీద కాగితాల కట్టలు, కింద టీ కొట్టు.

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. డబ్బుసంచీ మోసిన చెయ్యి కదా అని మా కమిటీ వాళ్లు నన్నే కోశాధికారిని చేశారు. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో అదే తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల కోసం పెట్టిన వర్కింగ్ గ్రూపు జెనీవాలో మొదటిసారి కూర్చుంది. ఆ గుర్తుగా 1994లో ఈ రోజును ఖాయం చేశారు. మన్యం వైపు ఇది పెద్ద పండగ. మా వైపు ఇలాంటి రోజు ఒకటుందనే చాలామందికి తెలియదు. ఎరుకలం, యానాదులం, సుగాలీలం ఒక రోజంతా ఒకచోట కలుద్దాం, పాటలు, ఆటలు, తట్టలల్లడం, వంటలు అన్నీ పెడదాం అనుకున్నాం. అనుకోవడానికి డబ్బులక్కర్లేదు. హాలుకీ, భోజనాలకీ, మైకుసెట్టుకీ కావాలి. లెక్కేస్తే లక్షా ఎనభై వేలు తేలింది. కమిటీ చేతిలో ఉన్నది ఇరవై రెండు వేలు.

మిగతాది స్పాన్సర్లని అడగాలి. అడగడానికి వెళ్తే ఎవరైనా ముందు కాగితం చూపించమంటారు. అలా జులై రెండో వారంలో ఆ మెట్లెక్కాను.

మా అల్లుడు మేటరంతా ఫోన్లో తెలుగులో కొట్టి వాట్సాప్‌లో పంపాడు. అది పనికిరాదట. ఫోన్లోది యూనికోడ్, వాళ్ల కంప్యూటర్లో ఉన్నది అను ఫాంట్లు. కాబట్టి అక్కడ పనిచేసే అమ్మాయి మొత్తం మళ్లీ కొట్టాలి. కొట్టింది. చాలా వేగంగా కొట్టింది. ప్రూఫు చేతికిచ్చి "చూడండంకుల్" అంది. పైన పెద్దక్షరాలతో "ఎరువుల, యానాదుల, సుగాలీల సాంస్కృతిక సంబరం" అని ఉంది.

ఎరువుల! యూరియా, డీఏపీ కంపెనీ వాళ్లు చూస్తే వాళ్లే మొత్తం స్పాన్సర్ చేసేవాళ్లేమో. ఎరుక అంటే తెలివిడి, తెలుసుకోవడం. సోది చెప్పే మా అవ్వలకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆ మాటే చెప్పాను. పాపం, ఆ అమ్మాయి నాలుక కరుచుకుని వెంటనే సరిచేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ రివ్యూ నాలుగు స్టార్లతో మొదలయ్యేది.

రెండోది బొమ్మ. ఇంగ్లిష్‌లో ఇండిజినస్ అని వెతికిందట, ముందుగా వచ్చింది పెట్టేసింది. తల నిండా గద్ద ఈకల కిరీటం, మొహం మీద రంగు గీతలు, వెనకాల గుర్రం. అమెరికా ఆదివాసి. ఆయన మీద నాకు గౌరవమే, ఆయనది మాకన్నా పెద్ద కథ. కానీ ఆయన్ని చూపించి కొర్లగుంటలో చందా అడిగితే ఏం బాగుంటుంది? విచిత్రమేమిటంటే నేనూ, మా కార్యదర్శీ ఇద్దరం ఆ ప్రూఫు చూశాం. "బొమ్మ బాగుంది" అని ఇద్దరం సంతకం పెట్టాం. ఎరువుల దగ్గర కళ్లు పెట్టుకుని చూసినవాళ్లం, మనిషి దగ్గర చూడలేదు. మూడు వందల కాపీలు పడ్డాయి. ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ ఒక కాగితం తీసుకుని చాలాసేపు చూసి, "ఈయన ఏ ఊరాయన?" అంది.

ఆ కాగితంలో ఇంకో తప్పు ఉందని ఫ్యాక్టరీలుండే శ్రీసిటీకి వెళ్తే తెలిసింది. షాపువాళ్ల దగ్గర ఇంతకుముందు ఎవరికో వేసిన నమూనా ఉంటే అందులోంచి ఒక వాక్యం మాకూ దించారు: "సీఎస్ఆర్ నిధులతో స్పాన్సర్ చేయండి, వేదికపై మీ కంపెనీ బ్యానర్ ఉంచుతాము." ఒక ఫ్యాక్టరీ హెచ్ఆర్ ఆయన కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ చెప్పాడు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, సీఎస్ఆర్ అంటే అదే, నిజమే. కానీ తమ సరుకుకి ప్రచారం వచ్చేలా ఇచ్చే స్పాన్సర్‌షిప్పు ఆ లెక్కలోకి రాదని 2021లో నిబంధనల్లోనే రాసేశారు. ఒక్కసారికి పెట్టి ఊరుకునే కార్యక్రమాలూ రావు. పైగా ఆ డబ్బు తీసుకుని పని చేసిపెట్టే సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారంతో కేంద్రం దగ్గర ముందే నమోదై ఉండాలి. మాది మొన్న మొన్న సొసైటీగా రిజిస్టరైన కమిటీ. అంటే మా బ్రోచరులో ఒకే వాక్యంలో ఒక చేత్తో అడిగి రెండో చేత్తో మేమే తలుపేసుకున్నాం. "మార్కెటింగ్ వాళ్లని అడగండి" అని నంబరిచ్చాడాయన. వాళ్లు ఇప్పటికీ ఫోనెత్తలేదు.

తిరిగి షాపుకెళ్లి ఓనరు ముందు ఆ మూడు వందలూ పెట్టాను. ఆయనకి నలభై ఐదేళ్లుంటాయి. వాదించలేదు. "సంతకం మీదే అన్నా, కానీ బొమ్మ మాది. మళ్లీ వేస్తా, కాగితం డబ్బులు మాత్రం ఇవ్వండి" అన్నాడు. న్యాయమే అనిపించింది.

ఆ షాపుకి నేను మార్కులేసింది రెండోసారి పనికే. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ అమ్మాయి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. మా నాయన వాళ్లు దబ్బ ఎరుకలు. వెదురు చీల్చి తట్టలు, చాటలు అల్లేవాళ్లు. ఇంట్లో అమ్మ సగం అల్లి పెట్టిన తట్ట ఫోటో నా ఫోన్లో ఉంది, వెదురు దబ్బలు బయటికి విరబూసి ఉంటాయి. అది చూసి ఆ అమ్మాయి, "ఇదే పెడదాం అంకుల్, సగమే ఉంది కదా, మిగతాది మీరు పూర్తి చేయండి అన్నట్టు ఉంటుంది" అంది. మా కమిటీలో డిగ్రీలు చదివినవాళ్లకి తట్టని ఆలోచన.

ఇంకా ఉంది. మేం ప్లాటినం స్పాన్సరు యాభై వేలు, గోల్డు పాతిక వేలు అని రాసుకొచ్చాం, అందరూ అలాగే రాస్తారని. ఆ అమ్మాయి అడిగింది: "ప్లాటినం ఇస్తే మీరు ఏం చేస్తారంకుల్?" భోజనాలు పెడతాం అన్నాను. "అయితే అదే రాయొచ్చు కదా?" రాశాం. మూడు వందల మందికి ఒక పూట భోజనం. సూళ్లూరుపేట వైపు నుంచి యానాదుల్ని తీసుకొచ్చే బండి బాడుగ. సుగాలీ ఆడవాళ్ల ఆటకి డప్పులవాళ్ల ఖర్చు. అతిథులకిచ్చే ఇరవై తట్టల వెదురు. ప్రతిదాని పక్కనా రూపాయలు. లీలామహల్ దగ్గర టిఫిన్ హోటలాయన ఆ కాగితం చూసి ప్లాటినం ఎంతని అడగలేదు, "పొద్దున టిఫిన్ ఇందులో లేదే, అది నాకు వదిలేయండి" అన్నాడు. టెంట్‌హౌస్ ఆయన కుర్చీలు రాయించుకున్నాడు. ఒక రిటైర్డ్ టీచరమ్మ బండి బాడుగలో సగం తన పేరిట, సగం పోయిన భర్త పేరిట ఇచ్చింది. చిన్న చిన్న మొత్తాలు, వెయ్యిన్నూట పదహార్లు, ఐదు వందల పదహార్లు, లెక్కలేనన్ని. ప్లాట్లు అమ్మే ఒకాయన మాత్రం మొత్తం ఖర్చు తనదే అన్నాడు, ఫ్లెక్సులో తన మొహం తట్టకన్నా పెద్దగా వేస్తేనే. దండం పెట్టి వచ్చేశాం.

పేరు దగ్గర కూడా ఒక మాట. కొత్త నమూనాలో "గిరిజన సంబరం" అని ఉంటే పులికాట్ సరస్సు పక్కనుండే యానాది పెద్దాయన ఫోన్లో నవ్వాడు. "ఉప్పునీళ్ల గట్టునుండే మనకి గిరి యాడుంది నాయనా?" అన్నాడు. వాళ్ల పెద్దలది శ్రీహరికోట. 1971లో అక్కడ మొదటి రాకెట్ ఎగిరేనాటికే ఆ దీవి రాకెట్ కేంద్రం చేతికి పోయింది. ఆ ఒక్క మాటకి "ఆదివాసీ" అని మార్చాం. షాపువాళ్లు అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఇక కోసేసిన ఒకటిన్నర స్టారు సంగతి. అందులో ఎక్కువ రసీదు పుస్తకాల మీదే. పది పుస్తకాలు, ఒక్కోదానిలో యాభై, ఒకటి నుంచి ఐదు వందల దాకా నంబర్లు. ఇంటికి తెచ్చి తిరగేస్తే నాలుగో పుస్తకం, ఐదో పుస్తకం రెండింటిలోనూ 151 నుంచి 200. అయితే ఏమైందిలే అంటారు చాలామంది. కండక్టరుకి అది గుండె ఆగే విషయం. చెకింగ్ వాళ్లు బస్సెక్కితే ముందు చూసేది టికెట్ నంబరే, ఒక్క నంబరు తేడా వస్తే సంజాయిషీ రాసుకోవాలి. పైగా నేను ఎరుకలవాణ్ణి. 1871లో ఉత్తరాదిన మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మావాళ్లని పుట్టుకతోనే దొంగలుగా రాశారు. మావాళ్లని కట్టడిలో ఉంచిన స్టువర్ట్‌పురంలాంటి సెటిల్‌మెంట్లు అప్పటివే. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. అయినా ఒక కొట్లో చందా అడుగుతుంటే కౌంటర్లో కూర్చున్నాయన "మీరు ఏమిట్లు?" అని కులం అడిగి, చెప్పగానే గల్లాపెట్టె డ్రాయరు మెల్లగా మూశాడు. తర్వాత ఐదు వందలిచ్చాడనుకోండి. అలాంటి చోట ఒకే నంబరుతో ఇద్దరికి రసీదులిచ్చి ఉంటే?

ఓనరుకి ఇది మొదట అర్థం కాలేదు. "ఎవరు చూస్తారన్నా" అన్నాడు. నాకు కోపమొచ్చింది, గొంతు పెరిగింది, కింద టీ కొట్టువాళ్లు పైకి చూశారు. శ్రావణమాసం పెళ్లిపత్రికల హడావుడి అని, నంబరింగ్ కుర్రాడు కొత్త అని ఏవో చెప్పాడు. ఐదో పుస్తకం మార్చి ఇవ్వడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ నాకు టెన్షనే. ఇచ్చిన రసీదులన్నిటినీ ఒక నోటుబుక్కులో వేరే రాసుకున్నాను. జీఎస్టీ బిల్లు కూడా రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు, ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో రాసిచ్చాడు.

ధరలు ఎక్కువ కాదు. ఆర్ట్ పేపరు మీద రెండు రంగుల బ్రోచరు ఐదు వందల కాపీలు ఆరు వేల చిల్లర. పన్నెండడుగులు ఎనిమిదడుగుల ఫ్లెక్సు పద్నాలుగు వందల నలభై. అతిథులకు షీల్డులు వద్దు, తట్టలిస్తాం అన్నప్పుడు ఆయనకి వచ్చే బేరం పోయింది. మొహం కాస్త చిన్నబోయింది. మర్నాడు మాత్రం ప్రతి తట్టకీ కట్టడానికి, అల్లినవాళ్ల పేరు అచ్చేసిన చిన్న అట్టముక్కలు ఇరవై, చిల్లులు పొడిచి దారం కట్టి మరీ ఊరికే ఇచ్చాడు. మా అమ్మ పేరు అచ్చులో పడటం ఆమెకి అదే మొదటిసారి.

ముందు రోజు వరలక్ష్మీ వ్రతం. ఫ్లెక్సు రాత్రి పదింటికి చేతికొచ్చింది. ఆగస్టు 9 శనివారం పొద్దున ఆరింటికి కట్టేశాం. లక్షా ఎనభై వేలలో లక్షా అరవై ఒకటి వచ్చింది, మిగతాది కమిటీ వాళ్లం వేసుకున్నాం.

ఆ షాపుకి వెళ్లేవాళ్లు ఫోటోలు సొంతవి పట్టుకెళ్లండి, ప్రూఫుని ఇంటికి తెచ్చి పెద్దవాళ్లకి చూపించండి, నంబర్లున్న పని ఏదైనా అక్కడే నిలబడి పుస్తకం పుస్తకం తిరగేయండి. ఆ అమ్మాయి మధ్యాహ్నం మూడు తర్వాత ఉంటుంది, ఆమె ఉన్నప్పుడే వెళ్లండి. ఈకల కిరీటం ఆయన కాగితాలు మూడు వందల్లో రెండు వందల ఎనభై మిగిలాయి. వెనకవైపు ఖాళీ కాబట్టి జమాఖర్చులు వాటి మీదే రాస్తున్నాను.