పువ్వు కనిపించని 'బియాటా బియాట్రిక్స్'

లండన్‌లోని టేట్ బ్రిటన్ కళా ప్రదర్శనశాలలో ఉన్న 'బియాటా బియాట్రిక్స్' తైలవర్ణ చిత్రానికి 12x16 అంగుళాల ముద్రిత ప్రతిని, ఫ్రేముతో సహా, ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి పోయిన నెలలో 1,850 రూపాయలకు తెప్పించుకున్నాను. చెప్పిన రోజుకే చేరింది, అద్దం పగలలేదు, ఫ్రేము మూలలు నలగలేదు. దుకాణంవారిని మెచ్చుకోగలిగింది అంతవరకే.

ఈ బొమ్మకు ప్రాణం ఒక చిన్న వివరంలో ఉంది. కళ్లు మూసుకుని, ముఖం కొద్దిగా పైకెత్తి కూర్చున్న స్త్రీ చేతుల దగ్గరికి ఎర్రని పక్షి ఒకటి తెల్లని గసగసాల పువ్వును తెస్తుంది. పైకి ఇది ఇటలీ కవి డాంటే ప్రేమించిన బియాట్రిస్ మరణఘట్టమే గాని, ఈ బొమ్మ గీసిన ఆంగ్ల చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రోసెట్టి ఆమెకు ఇచ్చిన ముఖం తన భార్య ఎలిజబెత్ సిడాల్‌ది. నల్లమందుతో తయారయ్యే లాడనం మోతాదు మించడంతో ఆమె 1862 ఫిబ్రవరి 11న, 32 ఏళ్ల వయసులో చనిపోయింది. నల్లమందు పుట్టేది గసగసాల కాయ నుంచే కనుక ఆ పువ్వును చూడకుండా ఈ బొమ్మను చూసినట్టు కాదు. నాకు వచ్చిన ప్రతిలో మాత్రం ఆకుపచ్చ మరీ ముదిరి, పువ్వు మాసిన మచ్చలా మిగిలింది. భూతద్దం పెడితేగాని రేకుల ఆనవాలు తెలియలేదు.

పెట్టెలో పెట్టిన పరిచయపత్రం ఇంకా నిరాశపరిచింది. అందులో ఆమె 'చిత్రకారుడికి స్ఫూర్తినిచ్చిన సుందరి' మాత్రమే. టోపీల దుకాణంలో పనిచేస్తూ చిత్రకారుల కంటపడిన ఆ అమ్మాయి, మరో చిత్రకారుడు మిల్లే గీసిన 'ఒఫీలియా' (షేక్‌స్పియర్ 'హామ్లెట్'లో నీట మునిగి చనిపోయే యువతి) కోసం నీటితొట్టిలో పడుకుని, నీళ్లు వెచ్చగా ఉంచేందుకు కింద పెట్టిన దీపాలు ఆరిపోయినా కదలక జబ్బుపడిన సంగతి అందులో లేదు. రోసెట్టి ఏళ్ల తరబడి నానబెట్టి 1860 మేలో ఆమెను పెళ్లిచేసుకోవడం, మరుసటి ఏడాది ఆమెకు మృతశిశువు పుట్టడం కూడా లేవు. భార్య శవపేటికలో తన కవితల రాతప్రతిని ఉంచిన ఆ భర్తే 1869లో సమాధి తవ్వించి దాన్ని వెనక్కి తెప్పించుకుని, 1870లో అచ్చువేయించాడు. (శోకం ఏడేళ్లు ఆగింది, కవితలు అంతకన్నా ఆగలేకపోయాయి.) అమ్మకానికి పెట్టిన బొమ్మ పక్కన ఇంత విషాదం రాయడం వ్యాపారానికి మంచిది కాదనుకుని ఉంటే అర్థం చేసుకోగలను.

ఆమె కూడా చిత్రకారిణే అన్న ఒక్క వాక్యం రాయడానికి ఆ ఇబ్బంది కూడా లేదు. కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1855లో ఆమె బొమ్మలను కొని, ఏడాదికి 150 పౌండ్లు ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1857లో లండన్‌లో జరిగిన ప్రీ-రాఫేలైట్ (రోసెట్టి, మిల్లే తదితరుల చిత్రకార బృందం) ప్రదర్శనలో పాల్గొన్న ఏకైక స్త్రీ ఆమె. 1853-54లో గీసుకున్న స్వీయచిత్రంలో ఆమె కళ్లు మూసుకోలేదు. బరువైన రెప్పల కింద నుంచి, బిగించిన పెదవులతో మనవైపే చూస్తుంది.

పువ్వు గురించి రాస్తే దుకాణంవారు మర్యాదగా స్పందించి, మారుమాట లేకుండా మరో ప్రతి పంపారు. అందులో రేకులు కొంత తేరుకున్నాయి కనుక ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఈ బొమ్మ కొనదలచినవారు పెద్ద కొలతదే తీసుకోవడం మంచిది. ఆ స్వీయచిత్రం ప్రతి కూడా దొరుకుతుందేమోనని వారి జాబితాలో సిడాల్ పేరు పెట్టి వెతికాను. వచ్చిన పదకొండు బొమ్మలూ ఇతరులు గీసినవే.