కుక్క నాకుడు మాన్పించే చేదు స్ప్రే: మా బూరె మీద ప్రయోగం

ముందే చెప్తున్నాను, ఇది స్ప్రే రివ్యూనే గానీ మధ్యలో కుక్క మెడ చుట్టూ వేసే ప్లాస్టిక్ కోన్, డాక్టరమ్మ, ఇడ్లీలు కూడా వస్తాయి. ఒక్క స్ప్రే గురించే రాస్తే నేను ఎందుకు మోసపోయానో అర్థం కాదు.

మా బూరె లాబ్రడార్. నాలుగేళ్ళవాడు. మా అమ్మాయి ఉద్యోగం మారి పుణె వెళ్తూ విజయవాడలో మా దగ్గర వదిలింది. పూర్ణం బూరె రంగులో ఉంటాడని ఆ పేరు. వానలు మొదలైన రెండు వారాలకి ముందు కాళ్ళు నాకడం పట్టుకున్నాడు. తిన్నాకో, బయట తిరిగొచ్చాకో కాసేపు నాక్కోవడం ఏ కుక్కకైనా ఉన్నదే. వీడు అలా కాదు. రాత్రి పదకొండింటికి మంచం కింద చప్ చప్ మని మొదలెడితే ఒంటిగంట దాకా అదే పని. పంపు కారుతోందేమోనని మా వారు రెండుసార్లు లేచి చూసొచ్చారు. నెల తిరిగేసరికి పాదాల మీద వెంట్రుకలు తుప్పు రంగుకి వచ్చేశాయి. రక్తం అనుకుని హడలిపోయాను. ఉమ్మిలో ఉండే పదార్థం వల్ల లేతరంగు వెంట్రుకలు అలా మారతాయని తర్వాత తెలిసింది.

పక్కింటావిడ పసుపూ కొబ్బరినూనే కలిపి రాయమంది. రాశాను. చట్నీ నాకినట్టు నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు నా చేతి వైపు చూశాడు.

అప్పుడు ఆన్‌లైన్లో ఈ చేదు స్ప్రే తెప్పించాను. 499 రూపాయలు. కొట్టిన మొదటిరోజు వాడి మొహం చూడాలి! మూతి తిప్పాడు, తుమ్మాడు, నోట్లోంచి నురగ కార్చాడు. అమ్మయ్య పని చేసింది అనుకునేలోపు వెనక కాలు అందుకున్నాడు. అక్కడా కొట్టాను. మూడో రోజుకి చేదూ అలవాటైపోయింది. కాకరకాయ వేపుడు ఇష్టంగా తినే ఇల్లు కదా మాది, వాడికీ అబ్బినట్టుంది. చేతులు కడుక్కున్నాననుకుని పులిహోర కలిపిన నాకు మాత్రం సాయంత్రం దాకా నోరు చేదే.

ఇక్కడిదాకా నవ్వులాటే. నాలుగో రోజు కొట్టగానే కుయ్యిమని కాలు లాక్కుని టేబుల్ కిందికి దూరాడు. పట్టుకుని వేళ్ళ సందులు విడదీసి చూస్తే లోపలంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ‘పుండు మీద, ఒరుసుకుపోయిన చర్మం మీద వాడరాదు’ అని సీసా వెనక చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. ముందువైపు మాత్రం పెద్ద అక్షరాల్లో ‘నాకుడుకు చెక్’. అంతగా నాకే కుక్కకి చర్మం ఒరుసుకుపోకుండా ఉంటుందా? నా ఫిర్యాదంతా అదే.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ మందు సంగతి ఎత్తకుండా ముందు ప్రశ్నలు వేసింది. ఒక కాలా, నాలుగు కాళ్ళా? ఒకటే అయితే ముల్లో, గాయమో, కీలు నొప్పో వెతకాలట. నాలుగూ అయితే ఎక్కువగా ఎలర్జీయేనట. చెవులు గోక్కుంటున్నాడా? గోమార్ల మందు ఎప్పుడు వేశారు? ఆ తర్వాత, "ఇల్లు దేంతో తుడుస్తారమ్మా?" అంది. ఫినాయిల్‌తో అన్నాను. తడి ఆరకముందే వీడు దాని మీద నడుస్తాడా అంటే, నడవడమేమిటి, దాని మీదే పడుకుంటాడు.

టేపు ముక్క వేళ్ళ సందుల్లో అద్ది, రంగువేసి, మైక్రోస్కోపులో చూసింది. ఈస్ట్ అట, కంటికి కనపడని ఒక రకం బూజు. పాదాల దగ్గర పులిసిన దోసెల పిండి వాసన ఎందుకొస్తోందో అప్పుడు వెలిగింది నాకు. ఎలర్జీతో దురద, దురదకి నాకుడు, నాకితే తడి, ఆ తడిలో ఈస్ట్ పెరిగి ఇంకా దురద. మధ్యలో చేదు పూసి ప్రయోజనమేముంది?

దురదకి మాత్రలిచ్చింది. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ అనే మందులు కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు పాదాలు కడగాలి. నురగ పది నిమిషాలు ఉంచాలి. నేనైతే ఇడ్లీ ఒక వాయి పొయ్యి మీద పెట్టి మొదలెడతాను, అవి ఉడికేసరికి సరిపోతుంది. తర్వాత వేళ్ళ సందులు పొడి బట్టతో అద్దాలి. తడి ఉంచేస్తే కడిగీ దండగ. దురద మళ్ళీ వస్తే ఎనిమిది వారాలు ఒకే రకం పథ్యం తిండి పెట్టి చూద్దామంది. ఆ ఎనిమిది వారాలూ పెరుగన్నం ముద్ద కూడా పెట్టకూడదంటే మా వారి మొహం బూరె మొహంకన్నా వాడిపోయింది.

పుండు మానేదాకా కోన్ వేయమంది. దీని అసలు పేరు ఎలిజబెతన్ కాలర్ అట. ఇంగ్లండుని ఏలిన మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో దొరలు మెడ చుట్టూ పెట్టుకున్న కుచ్చుల పట్టీల్ని బట్టి వచ్చిందట. మా వాడి దొరతనం గడపలకి గుద్దుకోవడంలోనే కనిపించింది. నా పిక్కల మీద ఇంకా గీతలున్నాయి. కానీ పని చేసింది. కోన్ అంచు ముక్కు కొసకంటే కాస్త ముందుకి ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. నేను మొదట కొన్నది పొట్టిది, మెడ సాచి కాలు అందుకున్నాడు. నీళ్ళ గిన్నె పీట మీద పెడితే తాగగలడు. ఉబ్బుగా ఉండే గుడ్డ కాలర్ కూడా తెచ్చాం గానీ, పొడుగు కాళ్ళ కుక్కకి అది తలగడే. దాని మీద తల పెట్టుకుని హాయిగా పాదాలు నాక్కున్నాడు.

ఆరు వారాలైంది. ఎరుపు పోయింది, కొత్త వెంట్రుకలు బూరె రంగులోనే వస్తున్నాయి. ఫినాయిల్ మానేసి ఉత్త నీళ్ళతో తుడుస్తున్నాను. రాత్రి అమ్మాయి వీడియో కాల్ పెట్టేశాక మాత్రం కాసేపు నాకుతాడు. అది దురద కాదు, బెంగ. ఇదివరకు "బూరే, వద్దు!" అని అరిచేదాన్ని. అరిస్తే పలకరించానని మురిసిపోయి ఇంకా నాకేవాడు. ఇప్పుడు ఏమీ అనకుండా గొలుసు తీస్తాను, వీధి చివరి దాకా వెళ్ళొస్తాం.

కోన్‌కి నాలుగు స్టార్లు, ఒకటి నా పిక్కల కోసం తగ్గించాను. స్ప్రేకి ఒకటే ఇద్దామనుకున్నాను. మిగిలిన ముప్పావు సీసా పారేయబుద్ధి కాక, వాడు కొరుకుతున్న మా వారి పడక కుర్చీ కోళ్ళకి కొట్టాను. పది రోజులైంది, కుర్చీ వైపు పోవట్లేదు. అందుకని రెండు.