షావుకారు జానకి: రెండు భాషల్లోనూ చూడవలసిన నటన

ఆన్‌లైన్‌లో దొరికే పాత సినిమాలలో షావుకారు జానకి నటించినవి చూడదలచినవారు, ఆమెకు ఇంటిపేరులా నిలిచిపోయిన 1950 నాటి ‘షావుకారు’తో మొదలుపెట్టి, ఆ వెంటనే 1969లో కె. బాలచందర్ తీసిన తమిళ చిత్రం ‘ఇరుకోడుగళ్’ చూడాలని నా సిఫారసు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో సుబ్బులుగా పరిచయమైన ఈ రాజమండ్రి అమ్మాయి, అంతకుముందు రేడియోలో పనిచేసినందువల్లనే కాబోలు, ఒక్క అక్షరాన్నీ మింగకుండా, గొంతు పెంచకుండా పలుకుతుంది. తమిళ చిత్రంలో ఆమె కలెక్టరు. విడిపోయి మరో పెళ్లి చేసుకున్న భర్త తన కార్యాలయంలోనే గుమాస్తాగా ఎదురుపడినప్పుడు, హోదాకూ అభిమానానికీ మధ్య ఆమె పడే నలుగుబాటంతా కళ్లలోనే కనిపిస్తుంది. తెలుగులో ఆ పాత్రను జమున ధరించారు, అదీ చూడదగినదే. నా మొగ్గు మాత్రం జానకి వైపే. 300కు పైగా రంగస్థల ప్రదర్శనలిచ్చిన నటి కనుక, మౌనాన్ని ఎంతసేపు నిలపాలో ఆమెకు బాగా తెలుసు. నేను చూసిన ‘షావుకారు’ ప్రతిలో పాటల దగ్గర ధ్వని గరగరలాడింది, చీకటి సన్నివేశాలలో ముఖాలు సరిగా ఆనలేదు. 2022లో పద్మశ్రీ అందుకున్న నటి చిత్రాలను శుభ్రపరచి అందించవలసిన బాధ్యత హక్కుదారులపై ఉంది.