వీసా ఆలస్యమైతే విదేశీ టీచర్ ఉద్యోగం సంగతి: ఇక్కడి బడి వదలాలా, ఆగాలా, విజిట్ వీసాపై వెళ్లాలా – ఏది మేలు?

హనుమకొండ ప్రైవేటు బడుల్లో ఏప్రిల్ మూడో వారం రాగానే కరస్పాండెంట్ ఒక్కొక్క టీచర్‌ను గదిలోకి పిలిచి, జూన్‌లో వస్తారా రారా అని అడుగుతారు. విదేశీ పాఠశాల ఇచ్చిన ఆఫర్ లెటర్‌ను సంచిలో పెట్టుకుని, వీసా కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్న టీచర్‌కు ఆ ప్రశ్న ఎంత ఇరకాటమో నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట నేను ఆ గదిలో కూర్చుని "రాను సార్" అని చెప్పి, రిలీవింగ్ ఆర్డర్ తీసుకుని బయటికి వచ్చాను. గల్ఫ్‌లోని ఒక పాఠశాల పంపిన కాగితంలో మే నెలలో చేరాలని ఉంది. వీసా సెప్టెంబర్ దాకా రాలేదు, ఆ లోపు నా పోస్టులో మరొకరు చేరిపోయారు. అప్పటి నుంచి కాజీపేట, హనుమకొండ వైపు టీచర్లు ఎవరు ఇటువంటి కాగితం పట్టుకుని వచ్చినా, నేను ముందుగా అడిగేది ఆలస్యం ఎక్కడ జరుగుతోందనే. వదలడం మేలా, ఆగడం మేలా, విజిట్ వీసాపై వెళ్లడం మేలా అన్నది చాలావరకు ఆ జవాబును బట్టే తేలుతుంది.

మొదటిది, ఆలస్యం మన కాగితాల దగ్గరే ఉండవచ్చు. కాకతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, బీఎడ్ పూర్తి చేసిన చాలామంది దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్ మాత్రమే ఉంటుంది. అటెస్టేషన్‌కు, అంటే పత్రం అసలుదేనని అధికారులు ముద్ర వేసి ధ్రువీకరించడానికి, చాలావరకు కాన్వొకేషన్ పట్టానే అడుగుతారు. పట్టా ఉన్నవారు దాన్ని ఎప్పుడో జిరాక్స్ సెంటర్‌లో లామినేషన్ చేయించి బీరువాలో దాచి ఉంటారు. ముద్రలూ స్టిక్కర్లూ పట్టా వెనుకవైపు పడాలి కాబట్టి ఆ ప్లాస్టిక్ పొరను తీయక తప్పదు. మా బడి ఫిజిక్స్ మేడమ్ గత ఏడాది పట్టా మీద పలుచటి నూలు గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెను సన్నటి వేడి మీద ఆనించి, అంచు నుంచి అంగుళం అంగుళం చొప్పున పొరను లేపుతూ రెండు గంటలు కూర్చున్నారు. చివరికి కింది మూలలో సంతకం సిరా సగం పొరతో పాటే ఊడి వచ్చింది. డూప్లికేట్ పట్టా కోసం యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరగడానికి ఆమెకు నెలన్నర పట్టింది. ఇక పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మన తెలుగువాళ్లందరికీ ఉన్న తలనొప్పే. ఒక దేశం వేసిన ధ్రువీకరణ ముద్రను (అపోస్టిల్) మిగతా సభ్య దేశాలు నేరుగా ఒప్పుకునే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. ఒమన్, బహ్రెయిన్, సౌదీ కూడా అందులో ఉన్నందువల్ల ఆ దేశాలకు అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు మాత్రం ఆయా రాయబార కార్యాలయాల అటెస్టేషన్ అదనంగా కావాలి, దానితో ఇంకొన్ని వారాలు గడిచిపోతాయి. ఈ రకం ఆలస్యంలో ఉన్నవారు ఉద్యోగం వదిలే మాటే ఎత్తకూడదు, ఎందుకంటే అవతలి పాఠశాల వీసా పని ఇంకా మొదలే కాలేదు.

రెండోది, అవతలి పాఠశాల తన ప్రభుత్వం నుంచి అనుమతి తెచ్చుకోవడంలో జరిగే ఆలస్యం. యూఏఈ పాఠశాల అయితే ఉపాధి ప్రవేశ అనుమతి జారీ అయిన నాటి నుంచి మనకు 60 రోజుల వ్యవధి ఉంటుంది, ఆ లోపు ఆ దేశంలో అడుగు పెట్టాలి. అనుమతి చేతికి వచ్చిన నాడు నోటీసు ఇచ్చినా నెల రోజుల నోటీస్ పీరియడ్ అందులో హాయిగా ఇమిడిపోతుంది. కాబట్టి అంతకు ముందే రాజీనామా చేయడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే: ఆఫర్ లెటర్‌నే అనుమతి అనుకున్నాను.

మూడోది కాన్సులేట్ దగ్గర జరిగే ఆలస్యం. ఇది ఎవరి చేతిలోనూ ఉండదు. 2025 మే 27న అమెరికా విదేశాంగ శాఖ విద్యార్థి, ఎక్స్చేంజ్ వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపివేసి, జూన్ 18న తిరిగి మొదలుపెట్టింది. అమెరికా బడుల్లో చాలావరకు ఆగస్టులో తెరుస్తారు, ఎక్స్చేంజ్ కోవకే చెందిన జే-1 వీసాపై వెళ్లే టీచర్లకు జూన్, జూలై నెలలే ఇంటర్వ్యూల కాలం. సరిగ్గా ఆ వేళకు మూడు వారాలు పోయాయి. ఇంటర్వ్యూ అయ్యాక కూడా, నిర్ణయాన్ని మరిన్ని పత్రాల కోసమో పరిశీలన కోసమో ఆపామని చెప్పే 221(జీ) చీటీ చేతిలో పెట్టి పంపితే ఎన్ని వారాలు పడుతుందో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ గేటు దగ్గర ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు దారుల సంగతికి వస్తాను. ఇక్కడి బడి వదిలేసి ఇంట్లో ఎదురుచూడడం మొదటి దారి. దీనికి అనుకూలంగా చెప్పే మాట ఒక్కటే: పిలుపు వచ్చిన మర్నాడే విమానం ఎక్కవచ్చు. నెలకు 25 వేల జీతం వచ్చే టీచర్ ఏప్రిల్‌లో మానేసి సెప్టెంబర్‌లో వెళ్తే, ఆ మర్నాడు ఎక్కడం కోసం ఐదు నెలల జీతం, అంటే లక్షా పాతిక వేలు ఎదురు కట్టినట్టు అవుతుంది. వేసవి జీతం జూన్‌లో చేరినవారికే ఇచ్చే బడులు మన దగ్గర తక్కువేమీ కాదు, ఆ లెక్క వేరే. జే-1 టీచర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. దరఖాస్తు చేసేనాటికి స్వదేశంలో టీచర్‌గా పనిచేస్తూ ఉండాలన్నది ఆ కార్యక్రమంలో సాధారణ నిబంధన. ఇటీవలే పై చదువు పూర్తి చేసిన వారికి మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. ఈ ఏడాది వీసా తప్పిపోయి వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేయాల్సి వస్తే, ఖాళీగా ఇంట్లో కూర్చున్న ఏడాది మనకే అడ్డం పడుతుంది.

విజిట్ వీసాపై వెళ్లి అక్కడ మార్పించుకోవడం రెండో దారి. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ వలస పాతదే కాబట్టి, "వెళ్లి దిగితే చాలు, మిగతాది అక్కడ చూసుకుంటారు" అనే మాట టీచర్ల దాకా కూడా వచ్చింది. విజిట్ వీసాపై వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి, ఆ తర్వాత సక్రమంగా హోదా మార్చుకున్నవారు లేకపోలేదు. అయితే మార్పు పూర్తయ్యేలోపే తరగతి గదిలోకి పంపే పాఠశాలల విషయంలో జాగ్రత్త పడాలి. పర్మిట్ లేకుండా పనిచేయించుకునే యజమానికి జరిమానాను యూఏఈ 2024లో కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హామ్‌లకు పెంచింది. ఆ జరిమానా యజమానికే కదా అని కొందరు తేలికగా తీసుకుంటారు. కానీ పర్మిట్ లేని టీచర్‌కు జీతం అధికారిక జీతాల వ్యవస్థ ద్వారా పడదు, పాఠశాల ఆరోగ్య బీమా వర్తించదు, నెల చివర జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి చేతిలో ఒప్పందం ఉండదు. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా మాత్రం సొంత జేబులోంచే పోతుంది. అమెరికా విజిటర్ వీసాపై బడిలో పాఠం చెప్పడం అసలే కుదరదు. ఈ దారిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇక్కడి ఉద్యోగంలో కొనసాగుతూ, అక్కడి ఒప్పందంలో చేరే తేదీని రాతపూర్వకంగా వెనక్కి జరిపించుకోవడం మూడో దారి. నా మొగ్గు దీని వైపే. ఇందులో కష్టం లేకపోలేదు. అవతలి హెచ్చార్ వారు ఫోన్‌లో "ఏం పర్వాలేదు, మీ పోస్టు మీదే" అంటారు, అదే మాటను మెయిల్‌లో పెట్టమంటే వారం గడుస్తుంది. అయినా పట్టుబట్టి అడగాలి: కొత్త తేదీ ఏది, ఆ తేదీకీ వీసా రాకపోతే ఒప్పందం రద్దవుతుందా, తర్వాతి టర్మ్‌కు జరుగుతుందా, జీతం, ఇల్లు, టికెట్ పాత లెక్కనే ఉంటాయా, ఆలస్యం మన తప్పు కానప్పుడు ఒప్పందం విరమించుకుంటే మనం ఏమైనా కట్టాల్సి ఉంటుందా. జే-1 విషయంలో పాఠశాల ఒప్పుకోవడం ఒక్కటే సరిపోదు. జే-1 వీసాకు ఆధారమైన డీఎస్-2019 పత్రంలోని ప్రారంభ తేదీని, ఆ పత్రం ఇచ్చే స్పాన్సర్ సంస్థ మార్చాలి. అమెరికాలో ప్రవేశించే వీలును ఆ తేదీని బట్టే (దానికి 30 రోజుల ముందు నుంచి) లెక్కిస్తారు కాబట్టి, పాత తేదీ ఉన్న పత్రంతో వారాల తరబడి ఆలస్యంగా దిగితే ఎయిర్‌పోర్టులో చిక్కు వస్తుంది. బ్రిటన్ అయితే పాఠశాల వీసా కోసం ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ జారీ అయిన మూడు నెలల్లో వీసాకు దరఖాస్తు పెట్టాలి, లేకపోతే పాఠశాల మళ్లీ కొత్తది ఇవ్వాల్సి వస్తుంది.

మరి ఇక్కడి కరస్పాండెంట్‌కు ఏం చెప్పాలి? దాచిపెట్టి జూన్‌లో చేరి, సెప్టెంబర్‌లో చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం నాకు సమ్మతం కాదు. పదో తరగతి పిల్లలు సగం సిలబస్‌లో నిలిచిపోతారు, ఆ తర్వాత ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం మళ్లీ అదే గది తలుపు తట్టాల్సింది మనమే. ఫిజిక్స్ మేడమ్ మాత్రం ఉన్న విషయం చెప్పి, నెల రోజుల నోటీసు షరతుతో చేరతానని, పదో తరగతి బదులు ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇమ్మని అడిగారు. కరస్పాండెంట్ ఒక రోజు ముఖం మాడ్చుకున్నా, మర్నాడు ఒప్పుకున్నారు. అసలు సర్టిఫికెట్లు బడి బీరువాలో ఉంటే వాటిని ఏప్రిల్‌లోనే అడిగి తీసుకోవడం మంచిది. ఒరిజినల్స్ ఇవ్వడానికి నెలలు తిప్పించే బడుల సంగతి తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఏజెంటు ద్వారా వెళ్తున్నవారు ఈ ఎదురుచూపు కాలంలో ఇంకో విడత డబ్బు కట్టమంటే కట్టకూడదు. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. ఏజెంటుకు నమోదు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే, రాష్ట్ర ప్రభుత్వానికే చెందిన టామ్‌కామ్ సంస్థ కూడా ఉంది. "వీసా తొందరగా రప్పించే ఫీజు" అనేది ఏ దేశపు నిబంధనల్లోనూ నేను చూడలేదు.

చాలామంది చూసుకోని లెక్క ఒకటి ఉంది. విదేశంలో ఉద్యోగానికి వెళ్లే భారతీయ పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ దేశంలో ఉంటేనే ఆదాయపు పన్ను దృష్టిలో ప్రవాసి అవుతాడు. ఏప్రిల్ 1 నుంచి లెక్కవేస్తే సెప్టెంబర్ 29తో 182 రోజులు నిండుతాయి. వీసా ఆగస్టులో వస్తే ఒక లెక్క, అక్టోబర్‌కు జారితే ఆ మిగిలిన నెలల గల్ఫ్ జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపాల్సిన లెక్క. చేరే తేదీని వెనక్కి జరిపించుకునేటప్పుడు సెప్టెంబర్ మూడో వారమా, అక్టోబర్ మొదటి వారమా అన్నది మన ఇష్టానికి వదిలితే, ఏది కోరుకోవాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

పిల్లలున్న ఇళ్లలో ఇంకో తొందరపాటు కనిపిస్తుంది. అమ్మకు ఆఫర్ వచ్చిందని పిల్లల టీసీలు ఏప్రిల్‌లోనే తీసేసుకుని, జూన్ 12న బడులు తెరిచాక సీటు కోసం పాత బడికే వెళ్లి బతిమాలిన కుటుంబాన్ని కాజీపేటలో చూశాను. ఫిజిక్స్ మేడమ్ వాళ్ల బాబు ఇప్పటికీ పాత బడిలోనే ఏడో తరగతి చదువుతున్నాడు. ఆమె డీఎస్-2019లో కొత్త తేదీ పడింది కానీ, పాస్‌పోర్టు మీద స్టాంపు ఇంకా పడలేదు.