గోల్ఫ్ స్వింగ్ కోసం 'స్టెబిలిటీ బెల్టు' కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విశాఖలో గోల్ఫ్ ఆడేవాళ్ళకి, అందులోనూ నాలాగా యాభై దాటాక క్లబ్బు (గోల్ఫ్ కర్ర) పట్టినవాళ్ళకి ఈ పోస్టు రాస్తున్నాను. ఊళ్ళో కొందరు స్వింగ్ (క్లబ్బు ఊపి బంతిని కొట్టే తీరు) బాగుచేస్తామని చెప్పి ఒక నడుం బెల్టు, 12 క్లాసులు కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నారు. నేను మార్చిలో 38,500 రూపాయలు కట్టి తీసుకున్నాను. ఐదో వారానికి కుడివైపు నడుం పట్టేసి, పొద్దున్నే మంచం మీంచి పక్కకి దొర్లి లేవాల్సిన పరిస్థితి వచ్చింది. డబ్బు ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి గానీ, అక్కడ నేర్పేవాళ్ళకి గానీ దీనితో ఏ సంబంధమూ లేదు. అమ్మకం జరిగింది బీచ్ రోడ్డు వైపు ఒక అద్దె హాల్లో. అక్కడ ఏం చేస్తారో వివరంగా చెబుతాను, ఎందుకంటే నన్ను ఒప్పించింది ఆ గంటసేపే.

హాల్లో ఒక మూల వల కట్టి, ముందు చాప, పక్కన బంతి వేగం కొలిచే మిషన్ పెట్టారు. నేను కారు దిగి లోపలికి వెళ్ళిన రెండు నిమిషాల్లోనే సెవెన్ ఐరన్ అనే క్లబ్బు చేతికిచ్చి ఐదు బంతులు కొట్టించారు. ఒళ్ళు ఇంకా బిగుసుకునే ఉంది. అంకెలు రాసుకున్నారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు భుజాలు తిప్పించారు, గుంజీలు తీయించారు, ఒంటికాలి మీద నిలబెట్టారు. అప్పుడు బెల్టు కట్టి మళ్ళీ ఐదు కొట్టించారు. దూరం పదిహేను గజాలు పెరిగింది. హాల్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెరిగింది ఒళ్ళు వేడెక్కడం వల్లనా, బెల్టు వల్లనా అన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. బెల్టు తీసేసి ఇంకో ఐదు కొట్టిస్తే తేలిపోయేది. ఆ మూడో విడత వాళ్ళు ఎవరి చేతా కొట్టించలేదు.

ఇంకొకటి కూడా చేస్తారు, గుర్తుపెట్టుకోండి. చేతులు చాచి ఒంటికాలి మీద నిలబడమంటారు. మణికట్టు దగ్గర పట్టుకుని కిందకి నొక్కుతారు, మనం తూలిపోతాం. బెల్టు కట్టాక మళ్ళీ నొక్కుతారు, ఈసారి తూలం. రెండోసారి చెయ్యి మోచేతికి దగ్గరగా, ఒంటివైపు వచ్చేలా నొక్కుతారని నాకు తర్వాత తెలిసింది. అలా నొక్కితే ఎవరైనా నిలబడతారు. పవర్ బ్యాలెన్స్ అనే రబ్బరు రిస్ట్‌బ్యాండ్లు ఒకప్పుడు ఇలాంటి పరీక్షలు చూపించే ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. 2010లో ఆస్ట్రేలియాలో వినియోగదారుల సంస్థ నిలదీస్తే, తమ మాటలకి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ఆ కంపెనీయే ఒప్పుకుంది.

ఇక బెల్టు సంగతి. వెడల్పాటి పట్టీ నడుం చుట్టూ బిగిస్తారు. రెండు పక్కలా రబ్బరు తాళ్ళు. వాటి కొక్కేలు కాళ్ళ కింద ఉన్న ప్లాస్టిక్ పలకకి తగిలిస్తారు. తుంటి తిరగబోతే తాడు వెనక్కి లాగుతుంది. ట్రైనర్ చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: "తిరగలి చూశారు కదా అంకుల్. కింది రాయి కదలదు, పైరాయి మాత్రమే తిరుగుతుంది. స్వింగ్ కూడా అంతే." నా బంతి ఎప్పుడూ కుడివైపుకి వంగిపోయేది. కాళ్ళు, తుంటి కదలడం వల్లే ఈ వంపు (దీన్నే స్లైస్ అంటారు) వస్తోందని అతను అంటే నిజమే అనుకున్నాను. పోలిక అంత పొందికగా ఉంటే అనుమానం రాదు. అది మన వెన్నుకి సరిపడే పోలిక కాదని తెలుసుకోవడానికి నడుం నొప్పి రావాల్సి వచ్చింది.

నాలుగో వారంలో గ్రౌండుకి వెళ్ళినప్పుడు, చాలాకాలంగా నా క్లబ్బుల సంచి మోస్తూ కేడీగా వస్తున్న పెద్దాయన మూడు హోల్స్ వరకు ఏమీ అనలేదు. నాలుగో హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోట ఆగి, "ఏటి సార్, కాళ్ళు పాతేసినట్టు నిలబడిపోతన్నారు? ఇదివరకు ఇలా లేదు కదండీ" అన్నారు. ఆ మాట నేను పట్టించుకోలేదు. క్లాసులు మొత్తం పూర్తయ్యాక చూద్దాం అనుకున్నాను. తర్వాతి వారమే నడుం పట్టేసింది.

ద్వారకానగర్‌లో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదట నడుం ముట్టుకోలేదు. బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని అటూ ఇటూ వాల్చి తుంటి కీలు ఎంత తిరుగుతుందో చూశారు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, రొమ్ముకి అడ్డంగా కర్ర పట్టుకుని పక్కలకి తిరగమన్నారు. ఆ తర్వాత టేబుల్ మీదున్న వెన్నెముక నమూనా తీసుకుని నా చేతిలో పెట్టి, "కింది ఐదు పూసల్ని తిప్పి చూడండి బాబాయ్ గారూ" అన్నారు. తిరగలేదు. ఆ పూసల కీళ్ళు ముందుకి, వెనక్కి వంగడానికి అనువుగా అమరి ఉంటాయట. ఒక్కోటి పక్కకి తిరిగేది మహా అయితే రెండు మూడు డిగ్రీలు. పైనున్న ఛాతీ భాగం, కిందున్న తుంటి కీళ్ళు, ఈ రెండే బాగా తిరగడానికి ఉన్నవి.

ఇప్పుడు లెక్క చూడండి. మంచి ఆటగాడి బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్బుని వెనక్కి ఎత్తేటప్పుడు, భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి, తుంటి దాదాపు 45. నా తుంటిని బెల్టు సగంలోనే ఆపేసింది. భుజాలు మాత్రం పూర్తిగా తిప్పమని ట్రైనర్ గట్టిగా అరిచేవాడు. మిగిలిన తిప్పుడు ఎక్కడి నుంచి రావాలి? తిరగలేని ఆ ఐదు పూసల నుంచే. పైగా డౌన్‌స్వింగ్, అంటే క్లబ్బుని బంతి మీదికి దించడం, అంతా పావు సెకను పని. ఆ పావు సెకనులో, ఒక పక్కకి వంగి ఉన్న నడుం మీద మెలిక, ఒత్తిడి ఒకేసారి పడతాయి. నేను రోజుకి ఎనభై బంతులు కొట్టాను. గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఎక్కువగా వచ్చే దెబ్బ నడుముదే అని ఆవిడ చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. ఇది ముందే తెలుసుకోవాల్సిన సంగతి.

స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు మిషన్ల మధ్య పనిచేశాను. కదలాల్సిన బేరింగు బిగుసుకుపోతే కదలకూడని షాఫ్టు విరుగుతుందని నాకు తెలుసు. నా ఒంటి విషయంలో అదే సూత్రం మర్చిపోయాను. స్థిరత్వం అంటే అన్నీ బిగించేయడం కాదు. చీలమండ కదలాలి, మోకాలు నిలకడగా ఉండాలి. తుంటి తిరగాలి, నడుం నిలకడగా ఉండాలి. ఛాతీ తిరగాలి. ఒకటి విడిచి ఒకటి. ఏది ఎప్పుడు నిలవాలో కండరాలు నేర్చుకుంటే అదే స్టెబిలిటీ. రబ్బరు తాడు ఆ పని తనమీద వేసుకుంటే కండరం నేర్చుకునేది ఏమీ ఉండదు.

నొప్పి తగ్గాక ఆ కేడీ గారే నన్ను ఒక ఆదివారం పెదజాలారిపేట ఒడ్డుకి తీసుకెళ్ళారు. వాళ్ళ అన్నగారు విసురు వల వేస్తారు. మోకాళ్ళ లోతు నీళ్ళకి కాస్త ఇవతల, తడి ఇసుకలో నిలబడి, వల మడతలు మోచేతి మీద వేసుకుని, ఒక అంచు పళ్ళతో పట్టుకున్నారు. ఒళ్ళంతా కుడివైపు తిరిగింది. ఎడమ మడమ ఇసుకలోంచి కొద్దిగా లేచింది. ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఆ మడమ దిగిన చోట ఇసుక నొక్కుకుపోయి చుట్టూ నీరు ఊరింది. తుంటి తిరిగింది, దాని వెనక ఛాతీ, దాని వెనక చేతులు, అన్నిటికన్నా చివర వల. గాల్లో గుండ్రంగా విచ్చుకుని పడింది. నడుం ఎక్కడా మెలిపడలేదు. ఆయనకి అరవై రెండేళ్ళు.

స్వింగ్‌లో కూడా వరస ఇదే. నేలని తొక్కిన పాదం నుంచి తుంటికి, ఛాతీకి, చేతులకి, చివరికి క్లబ్బు తలకి. ఒక్కోటి ముందు వేగం అందుకుని, కాస్త నెమ్మదించి, ఆ వేగాన్ని తర్వాతి దానికి అందిస్తుంది. బంతికి తగిలే వేళకి బరువులో ఎక్కువ భాగం ఎడమ పాదం మీదికి వచ్చేయాలి. గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలైన మేజర్లు 18 గెలిచిన జాక్ నిక్లాస్ బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ స్పష్టంగా లేచేది. ఆ మడమ లేపితే మా ట్రైనర్ "అవుట్" అనేవాడు.

ఇప్పుడు నేను చేస్తున్నవాటికి పైసా ఖర్చు లేదు. వెల్లకిలా పడుకుని నడుం ఎత్తి దించడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురు చెయ్యీ కాలూ చాచి నిలపడం, పళ్ళు తోముకునేటప్పుడు ఒక్కో కాలి మీద అరనిమిషం. గ్రౌండులో రెండు పాదాలు దగ్గరగా పెట్టి సగం స్వింగులు. వేగం ఎక్కువైతే వెంటనే తూలిపోతాం కాబట్టి ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. ఏ షాట్ కొట్టినా బంతి నేల మీద పడేదాకా ఫినిష్‌లో, అంటే స్వింగ్ ముగిసిన భంగిమలో, అలాగే నిలబడి ఉండటం. నిలబడలేకపోతే ఆ స్వింగ్ నా ఒంటికి ఎక్కువైందని అర్థం. స్లైస్ పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. అందులో సగం క్లబ్బు మీద చేతుల పట్టు మార్చుకోవడం వల్లే. స్లైస్‌కి అసలు కారణం బంతికి తగిలేటప్పుడు క్లబ్బు ముఖం తెరుచుకుని ఉండటం. నడుముకి బెల్టు కట్టినంత మాత్రాన అది మూసుకోదు. నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం ఇవి కూడా ఫిజియోకి చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

పోటీలో కూడా బెల్టు కట్టుకోవచ్చని వాళ్ళు నాతో అన్నారు. అది తప్పు. రౌండు ఆడుతుండగా స్వింగుకి సాయపడే ట్రైనింగ్ సామాను వాడటాన్ని గోల్ఫ్ నియమాల్లో 4.3 నిషేధిస్తుంది. మొత్తం ఎన్ని దెబ్బలు (స్ట్రోకులు) కొట్టారో లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో మొదటిసారికి రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారికి పోటీ నుంచి తొలగింపు.

డబ్బు విషయం. నాకిచ్చింది చిన్న రసీదు, దాని మీద జీఎస్టీ నంబరు లేదు. "ట్రైనింగ్ ఫీజు, వాపసు లేదు" అని ముద్ర. బెల్టు వెనక్కి తీసుకోమంటే "అది ఫ్రీగా ఇచ్చింది అంకుల్, అమ్మలేదు" అన్నారు. మిగిలిన నాలుగు క్లాసుల డబ్బు అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న వస్తువుని గానీ సేవని గానీ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందకే వస్తాయి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను, రాతపూర్వకంగా నోటీసు పంపాను. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మనం ఉండే ఊళ్ళోనే వేసుకోవచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి. కాబట్టి ఇప్పటికే కట్టినవాళ్ళు ఆ రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజీలు ఏవీ తీసేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ చీటీ కూడా దాచండి.

వచ్చే శనివారం అదే హాల్లో మళ్ళీ డెమో ఉందని తెలిసింది. వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. ఒళ్ళు వేడెక్కే దాకా బంతి కొట్టకండి. బెల్టుతో కొట్టాక, తీసేసి మళ్ళీ పది కొడతానని అందరి ముందూ అడగండి. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.