జాగ్రత్త: క్లియర్ కోట్ లేని పాత కారును పాలిష్ యంత్రానికి అప్పగించే ముందు

మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన ఎర్ర కారును, పూర్వపు మెరుపు తెప్పిస్తామన్న ఒక డీటెయిలింగ్ కేంద్రానికి అప్పగించి, బానెట్ మీది అసలు పెయింటును కొంత మేర శాశ్వతంగా పోగొట్టుకున్నాను. అటువంటి బండే ఉండి, అటువంటి సేవే కొనబోతున్నవారు డబ్బు కట్టే ముందు ఈ వివరాలు చదవాలని కోరుతున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. కొత్త కార్ల మీద మాత్రమే చేయి తిరిగిన వారెవరైనా పాత బండి విషయంలో ఇదే తప్పు చేయగలరు.

ఇప్పటి కార్లలో రంగు పొర పైన రంగు లేని క్లియర్ కోట్ వేరుగా ఉంటుంది. పాలిష్ చేస్తే అరిగేది ఆ పై పొరే కనుక గుడ్డకు రంగు అంటదు. పాతకాలపు లాకర్, ఎనామెల్ పెయింట్లలో రంగునిచ్చే పిగ్మెంటు, మెరుపునిచ్చే రెజిన్ ఒకే పొరలో కలిసి ఉంటాయి. దీన్నే సింగిల్ స్టేజ్ పెయింటు అంటారు. ఏళ్ల తరబడి ఎండకు పైభాగంలోని రెజిన్ చెడిపోయి, పట్టు వదిలిన పిగ్మెంటు సుద్దపొడిలా పైకి తేలుతుంది. అప్పుడు ఎరుపు గులాబీ రంగులోకి దిగిపోతుంది, నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. నా కారు పైకప్పును వేలితో రాస్తే గులాబీ పొడి అంటేది. ఆ పొడి కింద మంచి పెయింటు మిగిలి ఉంటే మెరుపు తిరిగి రావడం సాధ్యమే, కానీ ఆ మెరుపు కోసం అరగదీసే ప్రతిసారీ తరిగేది అసలు రంగే.

బండి తీసుకువెళ్లిన రోజు అక్కడివారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "రెండు రోజుల్లో షోరూమ్ బండిలా చేసి ఇస్తాం సార్" అన్నారు. ఇది ఏ రకం పెయింటో చూడాలని గానీ, మందం కొలవాలని గానీ ఒక్కరూ అనలేదు. నాకూ అప్పటికి ఆ సంగతులు తెలియవు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి, రోటరీ యంత్రానికి ఉన్ని ప్యాడ్ తగిలించి, బాగా గరుకైన రబ్బింగ్ కాంపౌండుతో బానెట్‌ను రుద్దుతున్నారు. ప్యాడ్ కుంకుమలో ముంచి తీసినట్టుగా ఉంది. అది తిరుగుతుంటే ఎర్రటి తుంపరలు ముందు అద్దం మీద, వైపర్ల మీద పడుతున్నాయి. ఇదేమిటని అడిగితే, "పాత మురికి వదులుతోంది సార్, ఇంకా బాగా వస్తుంది" అన్నాడు పని చేస్తున్న కుర్రవాడు. మురికి అంత ఎర్రగా ఎందుకుంటుందని ఆ నిమిషంలో నాకు తట్టకపోవడం నా వంతు పొరపాటు. ఈ పెయింటులో గుడ్డకు కొంత రంగు అంటడం సహజమే గానీ, పొడి పోయిన తరువాత కూడా అదే ధారగా రంగు వస్తూ ఉంటే మంచి పెయింటు అరుగుతున్నట్టే.

చేతికిచ్చినప్పుడు లైట్ల కింద బండి అద్దంలా మెరిసింది. ఇంటి దగ్గర నాలుగోసారి కడిగేసరికి ఆ మెరుపులో సగం నీళ్లతో పోయింది, ఎందుకంటే కాంపౌండు చేసిన గీతలను సన్నని పాలిష్‌తో తీయకుండా, నూనెలు నిండిన గ్లేజుతో కప్పి ఇచ్చారు. ఎండలో నిలబెడితే యంత్రం తిరిగిన జాడలు చారలుచారలుగా కనిపించాయి. అన్నిటికంటే బాధ కలిగించింది బానెట్ పొడవునా ఉండే మడత: దాని మీద జానెడు పొడవున బూడిద రంగు గీత తేలింది. వంగి చూస్తే ఆ గీత పక్కన మరో ఎరుపు, కాస్త నారింజ పోలికతో, గోటితో గీరితే పొరలా లేచి వచ్చింది. అంటే రంగు కింద వేసే తొలి పూత, ప్రైమర్, బయటపడిన సంగతి వారికి ముందే తెలుసు. దాని మీద టచప్ పెయింటు పూసి, నాకు ఒక్క మాటా చెప్పకుండా బండి అప్పగించారు. మడతల మీద, అంచుల మీద పెయింటు పలుచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడి మాత్రం అక్కడే ఎక్కువ పడుతుంది. అందుకే పని తెలిసినవారు యంత్రం ముట్టుకోక ముందే అటువంటి చోట్ల మాస్కింగ్ టేపు అంటిస్తారు. నా బండికి టేపు వేసిన గుర్తే లేదు. రబ్బరు బీడింగుల సందుల్లో ఎండిపోయిన తెల్లటి కాంపౌండును నేనే పాత టూత్ బ్రష్షుతో రెండు రోజులు గీరుకున్నాను.

కనుక బండి అప్పగించే ముందు మీరే ఒక పరీక్ష చేయండి. కంటికి ఆనని చోట, తెల్లటి నూలు గుడ్డకు చాలా సన్నని రకం పాలిష్ కొద్దిగా అద్ది, అరచేయంత మేర మెల్లగా రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింటు. పాత బండ్లకు తలుపు ఒకసారి, డిక్కీ ఒకసారి పెయింటు వేయించి ఉండవచ్చు కాబట్టి ఈ పరీక్ష ప్రతి భాగం మీద విడిగా చేయాలి. తయారైన సంవత్సరాన్ని బట్టి మాత్రం తేల్చకండి: 1980ల నుంచి క్లియర్ కోట్ బాగా విస్తరించినా, తెలుపు, ఎరుపు వంటి సాదా రంగులను ఆ తరువాత కూడా సింగిల్ స్టేజ్‌లోనే వేసిన కార్లు ఉన్నాయి. అసలు రంగు ఎలా ఉండేదో తెలియాలంటే తలుపు తీసి, ఎండ ఎన్నడూ తగలని లోపలి అంచు చూడండి.

మందం కొలిచే పరికరం లేని చోట పని ఒప్పుకోవద్దు, ఉన్నదన్న ధీమాతో నిశ్చింతగానూ ఉండవద్దు. ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక కాగితమంత. అందులో ప్రైమర్ కూడా కలిసి ఉంటుంది కనుక, 100 అని చూపించినంత మాత్రాన 100 మైక్రాన్ల రంగు మిగిలిందని కాదు. ఒక్కసారిగా చాలా పెద్ద అంకె వచ్చిన చోట లోపల సొట్టలు పూడ్చే పుట్టీ ఉందని అనుమానించాలి.

బిల్లులో సిరామిక్ కోటింగ్ (నీరు నిలవకుండా జారిపోయేలా పెయింటు మీద వేసే రక్షణ పూత) అని కూడా రాశారు. కోటింగ్ పట్టాలంటే ముందు ఉపరితలం మీది నూనె పూర్తిగా తుడవాలి. నా బండి మీద గ్లేజు నూనె అలాగే ఉంది. కొన్ని వారాలకే నీటి చుక్కలు జారడం మానేశాయి. అది నిజంగా కోటింగో, కోటింగ్ పేరు పెట్టుకున్న మరో గ్లేజో నేను నిరూపించలేను. లాకర్ పెయింటు థిన్నరుకు కరిగిపోతుంది కాబట్టి, ఘాటైన ద్రావకాలతో తుడుస్తామంటే అసలు ఒప్పుకోకండి. మెటాలిక్ రంగు అయితే మరింత జాగ్రత్త అవసరం: మెరుపు కోసం కలిపే అతి చిన్న అల్యూమినియం రేకులు అదే పొరలో ఉంటాయి, అరగదీస్తే అవి బయటపడి మచ్చలు కడతాయి. పాత ఎరుపు, పసుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా సాండ్‌పేపర్ పట్టించవద్దు.

అదృష్టవశాత్తూ డిక్కీ మూతను వారు పైపైన తుడిచి వదిలేశారు. దాని మీద నేనే పని చేశాను. గరుకుదనం లేని, నూనె ఎక్కువగా ఉన్న గ్లేజును పోగులు లేచి ఉండే నూలు తువ్వాలుతో దట్టంగా పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున తుడిచి, మళ్లీ పట్టించాను. ఎండిపోయిన పెయింటు ఆ నూనెతో ముదురు రంగుకు తిరగడం కళ్లారా చూశాను. ఆ తరువాత మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, తక్కువ వేగంలో, సన్నని పాలిష్ ఒకే ఒక్కసారి పట్టించి, ప్యాడ్ ఎర్రబడినప్పుడల్లా కడుక్కుంటూ, చివరగా వ్యాక్స్ పెట్టాను. మూడు రోజులు పట్టింది, రెక్కలు పడిపోయాయి, కానీ ఆ మూత ఇప్పుడు తలుపు లోపలి అంచు రంగుకు దగ్గరగా ఉంది. గాలికీ ఎండకీ ఇది మళ్లీ మసకబారుతుంది కనుక వ్యాక్స్ మాత్రం మానకూడదు.

బానెట్‌కు ఇక మళ్లీ పెయింటు వేయించడమే మార్గం. వారు వాడిన గ్లేజులో సిలికోన్ ఉంటే కొత్త పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది కాబట్టి, పెయింటరుకు ఆ సంగతి ముందే చెప్పి శుభ్రం చేయించాలి. ఫోటోలతో ఫిర్యాదు చేస్తే కేంద్రం వారు రసీదు వెనుక ఉన్న "పాత పెయింటుకు పూచీ లేదు" అన్న చిన్న అక్షరాల వాక్యం చూపించారు, డబ్బు తిరిగి ఇవ్వలేదు. బదులుగా, బండి తెస్తే అదే యంత్రంతో మరోసారి ఉచితంగా పాలిష్ చేసి గీతలన్నీ తీసేస్తామన్నారు. నేను తీసుకువెళ్లలేదు.